పై పడక మూలన తడి

మొదటిసారి మాత్రం కావాలని చేసింది కాదు. ఎవరైనా అడిగితే ఆ మాట గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలదు, కానీ ఎవరూ అడగరు. అడగరు కాబట్టే రోజుకి పదిసార్లు తనకి తనే చెప్పుకోవలసి వస్తోంది. చెప్పుకున్న ప్రతిసారీ దాని వెనకాలే రెండోసారి వచ్చి నిలబడుతోంది, రెండోసారి వెనక మూడోసారి.

అర్లిస్ వంటింట్లో సింకు దగ్గర నిలబడి కాఫీ గిన్నె కడుగుతోంది. నిజానికి అది తళతళలాడడం మొదలుపెట్టి చాలాసేపయింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో మోటార్‌హోమ్, అంటే చక్రాల మీది ఇల్లు, దాని కప్పు మీద మోకాళ్ల మీద వంగి ఆమె మొగుడు వెర్లిన్. అరవై ఎనిమిదేళ్ల మనిషి, మిన్నెసోటా అక్టోబరు గాలిలో చేతులకి తొడుగులైనా లేకుండా, రబ్బరు కప్పు అతుకుల వెంబడి బొటనవేలితో తడుముకుంటూ పోతున్నాడు. తొడుగులుంటే పగులు వేలికి తెలియదంటాడు. అక్కడ తెలియడానికి పగులంటూ ఏదీ లేదు. ఆ సంగతి ఎరిగిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతీ ఇక్కడ కడిగిన గిన్నెనే కడుగుతోంది.

సెప్టెంబరు రెండో వారంలో మొదలయిందిది. బండి ఇరవై రెండేళ్లది. ఇరవై ఏడు అడుగుల పొడుగు, డ్రైవరు సీటుకి సరిగ్గా నెత్తిన ఒక పడక. పాత యజమాని దాంట్లో కుక్కల్ని తిప్పేవాడట. ఆ వాసన వదిలించడానికి ఆమె వెనిగర్ కలిపిన నీళ్ల బకెట్టుతో పై పడక మీదికి ఎక్కింది. మోకాలు తగిలి బకెట్టు మూలకి ఒరిగింది. తువ్వాలుతో అద్దింది, ఆరిపోతుందిలే అనుకుంది, మరిచిపోయింది. అంతే. మర్నాడు పొద్దున వెర్లిన్ తేమ కొలిచే మీటరుతో గోడలన్నీ చూసుకుంటూ వచ్చి, ఆ మూల దగ్గర అది కుయ్యిమంటే ఆగిపోయాడు. ఇంట్లోకి వచ్చి బూట్లు విప్పకుండానే చెప్పాడు.

"పై పడక మూల కారుతోంది."

చెబుదామనే ఆమె నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే అతను ఇంకో మాట అన్నాడు. "ఇది తేలేదాకా ఇంటి కాగితాల మీద సంతకం పెట్టేది లేదు. ఉన్న ఇల్లు అమ్మేసి నిన్ను కారే బండిలో కూర్చోబెడతానా?"

తెరిచిన నోరు మూతపడింది. తను చేసిన తప్పంతా ఆ నోరు మూసుకోవడంలోనే ఉందనీ, మిగతావన్నీ దాని పిల్లలేననీ ఇప్పుడు అనిపిస్తుంది. ఆ వారమంతా ఎంత హాయిగా నిద్రపోయిందో గుర్తొస్తే ముఖం వేడెక్కుతుంది.

వెళ్లడం ఇష్టం లేదని ముందే చెప్పి ఉండవచ్చు. ఏమని చెబుతుంది? ముప్ఫై ఎనిమిదేళ్లు వెర్లిన్ ఊళ్లో ఇళ్లకి కప్పులు వేశాడు. పొద్దున ఆరింటికి వెళితే సాయంత్రం ఐదింటికి రావడం. బడి వంటగదిలో తన ఉద్యోగం ముగిశాక, రెండేళ్లపాటు ఆ పదకొండు గంటలూ ఆమె సొంతం. అప్పుడు చేసిందేమీ లేదు. రేడియో కూడా పెట్టేది కాదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడిచేది, కాసేపు కూర్చునేది, తను ఉన్న సంగతి ఎవరికీ పట్టకుండా ఉండేది. సాయంత్రం అతని ట్రక్కు చప్పుడు వినబడితే సంతోషంగానే ఉండేది, అందులో అబద్ధం లేదు. అతను రావడం సంతోషం, వెళ్లడం కూడా సంతోషం. ఈ రెండో సగాన్ని మొగుడి ముఖం మీద ఎలా చెప్పడం? వసంతంలో అతను పని మానేశాడు. మే నెలలో చర్చి నేలమాళిగలో అందరూ కలిసి భోంచేస్తుండగా లేచి నిలబడి, ఇల్లు అమ్మేసి బండిలోనే కాపురం పెడుతున్నామనీ, చలికాలం అరిజోనాలో, వేసవి మోంటానాలో అనీ ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టి ఆమె వైపు తిరిగారు. ఆమె చేతిలో బంగాళాదుంపల పళ్లెం ఉంది. "వెళ్దాం, ఏముంది," అంది. ఈ ఊళ్లో ఒకసారి సరేనన్న మనిషిని రెండోసారి అడగరు, అడిగితే నమ్మనట్టు.

బండికి తలుపు ఒక్కటే, అది బయటికి. స్నానాల గదికి ఉన్నది తలుపు కాదు, మడతలు పడే ప్లాస్టిక్ తెర.

అతను ముందువైపు అతుకంతా గీకి, ఎండిపోయిన పాత జిగురు పెచ్చులు పెచ్చులుగా లేపి, కొత్తది పట్టించాడు. నాలుగు రోజులు పట్టింది. ఆ తర్వాత రెండు రోజులు వాన కురిసినా మీటరు మాట్లాడలేదు. ఈల వేసుకుంటూ లోపలికి వచ్చి, "సోమవారం సంతకాలు," అన్నాడు. ఆదివారం చర్చి నుంచి వచ్చి అతను కునుకు తీస్తుండగా ఆమె గ్లాసుడు నీళ్లతో పెరడు దాటింది. ఒక్క చుక్క తొణకలేదు. తప్పు చేసేటప్పుడు చెయ్యి వణకాలి కదా అని మూల మీదికి గ్లాసు వంచుతూ అనుకుంది. వణకలేదు. మూడోసారికి, అంటే అతను కిటికీ ఊడదీసి కొత్త పట్టీ వేసి బిగించాక, ఇంట్లోంచి గ్లాసు తీసుకెళ్లే పని కూడా పెట్టుకోలేదు. బండిలో సింకు ఉందిగా.

మొన్న పొద్దున గుడ్లు తింటూ తింటూ వెర్లిన్ ఫోర్కు కింద పెట్టేశాడు.

"నాన్నకి మతిమరుపు ఇలాగే మొదలైంది కదూ?"

"ఎలాగ?"

"చేతికి అలవాటైన పనిలోనే. తెల్గెన్ వాళ్ల కొట్టం కప్పు వేస్తూ ఒక వరస మొత్తం మేకులు కొట్టకుండా వదిలేశాడు. కొట్టానని ఒట్టేసి చెప్పేవాడు. నిజంగా కొట్టాననే అనుకున్నాడు."

"అప్పటికి మీ నాన్న డెబ్భై తొమ్మిదేళ్ల మనిషి."

"డెబ్భై ఒకటి."

ఆమెకి తెలుసు. "ఇంకో గుడ్డు వెయ్యనా?" అంది.

ఇప్పుడు హార్లన్ ట్రక్కు పెరట్లోకి వచ్చి ఆగింది. వెర్లిన్‌తో కలిసి పాతికేళ్లు కప్పుల పని చేసినవాడు, నోరు ఊరుకోదు. ఆకులు ఊదే యంత్రం భుజాన వేసుకుని దిగాడు. బండి కన్నాలన్నీ మూసి లోపలికి గాలి నింపి, బయట అతుకుల మీద సబ్బునీళ్లు చల్లాలని ఇద్దరూ అనుకున్నారు. సైకిలు ట్యూబుకి పంక్చరు చూసినట్టే, కన్నం ఉన్నచోట బుడగ లేస్తుంది.

"ఊరందరి నెత్తినా కప్పులు వేశావు," హార్లన్ కింద నుంచి అరిచాడు, "నీ నెత్తి మీది రేకు డబ్బా నీ మాట వినట్లేదేమిట్రా?"

"రేకు కాదు, రబ్బరు."

"అదీ సంగతి. నువ్వు మేకులు కొట్టేవాడివి. దీనికి జిగురు పూసేవాడు కావాలి."

"నువ్వు మేకులు ఎలా కొడతావో నా బొటనవేలినడుగు, చెబుతుంది."

ఆ మాటకి వెర్లిన్ కూడా నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. ఆమె కోటు వేసుకుని బయటికి వచ్చేసరికి ఆమెకీ పని సిద్ధంగా ఉంది.

"అర్లిస్‌ని ముందువైపు నిచ్చెన మీద పెట్టరా," అన్నాడు హార్లన్. "డేగ కళ్లు. బడి వంటగదిలో రెండో బిస్కెట్టు తీసిన పిల్లాణ్ణి ఆ చివర నుంచి పట్టేసేది. మావాణ్ణి ఎన్నిసార్లు పట్టావమ్మా?"

"నీలాగే దొరికిపోయేవాడు," అంది. తన గొంతు ఎప్పటిలాగే ఉండడం ఆమెకే నచ్చలేదు.

యంత్రం మోగింది. బండి గోడలు ఊపిరి పీల్చినట్టు కొద్దిగా ఉబ్బాయి. వెర్లిన్ కప్పు మీద పాకుతూ, అంగుళం వదలకుండా సబ్బునీళ్లు చల్లుతూ వచ్చాడు. ముందుభాగం దగ్గరికి వచ్చాక ఆమె ముఖానికి రెండడుగుల దూరంలో ఆగి, "చూడు," అన్నాడు. ఆమె చూసింది. సబ్బునీళ్లు తిన్నగా, ఎక్కడా తడబడకుండా జారిపోయాయి. అంత గట్టిగా ఉంది అతని పని. పిల్లలకి కట్టిన ఊయల మీద కూడా మనుషులు అంత శ్రద్ధ పెట్టరు.

"ఏమైనా ఉందా?"

"లేదు."

"ఇంకోసారి," అన్నాడు.

రెండోసారీ లేదు. మూడోసారి చల్లేటప్పుడు అతని చెయ్యి మెల్లగా కదిలింది. అతను చూస్తున్నది అతుకుని కాదనీ, తనలోపల ఎక్కడో మేకులు కొట్టకుండా వదిలేసిన వరస కోసం వెతుక్కుంటున్నాడనీ ఆమెకి తెలిసింది. ఒక్క బుడగ దొరికితే చాలు, ఈ మనిషి నిలబడతాడు. దొరికిందంటే, దాన్ని అతికేసి సంతోషంగా లోపలికి వస్తాడు. తను ఇంకెప్పుడూ నీళ్లు పొయ్యదు. సంతకాలు పెట్టమంటే పెట్టేస్తుంది. ఆ నిమిషంలో అది ప్రాయశ్చిత్తంలాగే కనిపించింది.

"ఇదిగో," అంది. "ఇక్కడ. బండి నుదుటి దీపం కింద."

అతను గబగబా దిగి, చుట్టూ తిరిగి వచ్చి, ఆమె దిగాక ఆ నిచ్చెన ఎక్కాడు. కళ్లజోడు తీసి చొక్కాతో తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. ముక్కు గోడకి తగిలేంత దగ్గరగా వంగాడు.

"ఎక్కడ?"

"అదే. చిన్నది."

"నాకు కనబడట్లేదు."

యంత్రం ఆపకుండానే హార్లన్ కూడా వచ్చి, మెడ చాచి చూశాడు. చూసి, అర్లిస్ వైపు తిరిగాడు. ఆమె ముఖంలో ఏం కనబడిందో ఏమో, ఆడమనిషి మాట ఆమె పెరట్లోనే కాదనడం బావుండదనుకున్నాడో, మిత్రుడికి ఏదో ఒకటి దొరికితే చాలుననుకున్నాడో, "ఆఁ, ఉంది ఉంది," అన్నాడు. "సన్నగా."

లేని బుడగని ఇద్దరు చూశారు. చూడలేనివాడు ఒక్కడే మిగిలాడు.

వెర్లిన్ కాసేపు అలాగే వంగి ఉన్నాడు. తర్వాత సబ్బునీళ్ల సీసాని నిచ్చెన మెట్టు మీద, అది గాజుదైనట్టు జాగ్రత్తగా పెట్టి దిగాడు. "యంత్రం ఆపరా," అన్నాడు. "కాఫీ తాగుదాం."

బల్ల దగ్గర హార్లన్ రెండు కేకు ముక్కలు తిన్నాడు.

"చర్చి కప్పు ఈసారి నువ్వు చూడాలి," అన్నాడు వెర్లిన్.

"నేనా? నాకు తుంటి బాలేదు. ఏటా శరత్కాలంలో చర్చి కప్పు ఎక్కి చూసేది నువ్వే, అది పుస్తకంలో రాసి ఉంది."

"ఇంక ఎక్కను."

హార్లన్ టోపీ పెట్టుకుని, కాఫీ బావుందని అర్లిస్‌కి రెండుసార్లు చెప్పి వెళ్లిపోయాడు. ట్రక్కు మలుపు తిరిగింది.

"బండి అమ్మేద్దాం," అన్నాడు వెర్లిన్. "కారుతుందని చెప్పే అమ్ముదాం. ఎక్కడో మాత్రం చెప్పలేను, అంతే."

"తొందరేముంది?"

"తొందర కాదు. కళ్ల ముందు ఉన్నది కనబడనివాడు, నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంత పొడుగు బండి కొండల్లో తిప్పకూడదు." అరచేత్తో బల్ల మీది కేకు పొడి ఒక చోటికి నెట్టాడు. "నీకు పెద్దగా ఇష్టం లేదేమోనని నాకు మొదటి నుంచీ అనుమానమే. నాకోసం ఒప్పుకున్నావనుకున్నా. అడుగుదామనుకున్నా కూడా. పోనీలే, నీకు ఇల్లు మిగిలింది."

ఆమె కోరుకున్నదంతా బల్ల మీద పెట్టి అటు నుంచి ఇటు తోశాడు. ఆమె అనవలసింది ఏమీ లేదు, ఊరుకుంటే చాలు. ఊరుకుంటే ఈ కిటికీ, ఈ గదులు, ఈ గోడలు తనవి. వాటి మధ్య, పొద్దున ఆరింటికి ఎక్కడికీ వెళ్లని మనిషి ఒకడు, తన చేతిని తనే తిప్పి తిప్పి చూసుకుంటూ. అతను అడిగి ఉంటే చెప్పేదా? చెప్పేదాన్నేనని అనుకోవాలని ఉంది. అడగకపోవడం అతని మర్యాద అయితే, ఆ మర్యాద చాటున నక్కింది తను.

అతను లేచి గోడకున్న ఫోను దగ్గరికి వెళ్లాడు. "పాస్టరుకి చెప్పేస్తా. మంచు పడకముందే ఎవరినైనా చూసుకోవాలి కదా."

పెద్ద ఊరేమీ కాదిది. పాస్టరుకి చెబితే రేపు కాఫీ వేళకి అందరికీ తెలుస్తుంది. సోమవారం నుంచి ఇనుపసామాన్ల కొట్లో అతనితో మెల్లగా, నాలుగు మాటలు కూడబలికి మాట్లాడతారు. అతను దాన్ని తలవంచి తీసుకుంటాడు, వాళ్ల నాన్నలాగే.

అతను రిసీవరు చెవికి ఆనించి అంకెలు నొక్కాడు. నాలుగైదు నొక్కి ఆగాడు. ముప్ఫై ఏళ్లుగా ఎరిగిన నంబరు.

"అర్లిస్," అన్నాడు వెనక్కి తిరగకుండా. "చివరి రెండు అంకెలు ఏమిటి?"

ఆమెకి నోటికి వచ్చు. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. వంటింట్లో నాలుగు అడుగుల దూరం నడిచి, అతని పక్కన నిలబడి, ఫోను కొక్కేన్ని వేలితో కిందికి నొక్కింది. రిసీవరులో మోత తెగిపోయింది. వెర్లిన్ ఆ వేలిని చూసి, తర్వాత ఆమె ముఖాన్ని చూశాడు.

వేలు తియ్యకుండానే, "ఆ మూలన నీళ్లు పోసింది నేను," అంది.