చీరాలలో చూపించని ఆఖరి రీలు

నేను ఒక హత్యల సినిమాకి ఆఖరి రీలును. పుట్టింది ఇటలీలో, డెబ్బైలలో. నల్ల తొడుగు వేసిన చెయ్యి, మెరిసే కత్తి, వెనక జోలపాటలాంటి సంగీతం. ఆ రంగులు చూస్తే కళ్లు తిప్పుకోలేరు. కథ మాత్రం జల్లెడ, అన్నీ చిల్లులే. పైగా కత్తికి బలయ్యేవాళ్లంతా ఆడవాళ్లు. వాళ్లను చంపడం మీద పెట్టిన శ్రద్ధ, వాళ్లకో బతుకు ఇవ్వడం మీద పెట్టలేదు. మా ఇంటి గుట్టే, అయినా చెప్పాలి.

మిగతా రీళ్లతో పాటు చేతులు మారి, ఇంగ్లీషు మాటలు అతికించుకుని, చీరాలలో ఒక హాలుకి ఉదయం ఆటగా చేరాను. మధ్యాహ్నం తెలుగు సినిమాకి జనం వచ్చేలోగా మా ఆట అయిపోవాలి. అవదు. ఆ భాష ఎవరికి తెలుసు గనక, ఆఖరి రీలు ఎత్తేయమన్నాడు యజమాని. ఆపరేటరు మస్తాన్ నన్ను డబ్బాలోనే ఉంచి మూత బిగించాడు.

తమాషా ఏమిటంటే, సినిమా ఆడింది. హంతకుడెవరో తేలక జనం టీకొట్ల దగ్గర వాదులాడుకుని మళ్లీ వచ్చేవారు. నేతగాళ్ల ఇళ్ల ఆడవాళ్లు తెర మీది ఆ ఎరుపు ఏ అద్దకమో తేల్చుకోడానికి వచ్చేవారు. మనుషులింతే, సగం చూపిస్తేనే గొంతు పెద్దది చేస్తారు.

ఆడవాళ్ల గేటు దగ్గర టిక్కెట్లు చింపే వజ్రమ్మకు హంతకుడితో పనిలేదు. తెర మీద ఎర్రకోటు వేసుకున్న పిల్ల మెట్లెక్కుతుంది, వెనక కత్తి లేస్తుంది, హాల్లో లైట్లు వెలుగుతాయి. మూడు వారాలు అంతే చూసింది. ఆ పిల్ల బతికిందా లేదా, అదొక్కటే ఆమెకు కావాలి. ఒక పొద్దున ఆటకు ముందే వచ్చి మస్తాన్‌ని నిలదీసింది. అతను నన్ను మెషిన్‌కి ఎక్కించి ఆమె ఒక్కదానికే చూపించాడు.

"ఏంది మస్తానన్నా, రెండో రీల్లో పూడ్చిన డాక్టరు మళ్లా ఎట్టా లేచొచ్చాడు?"

"తీసినోళ్లకే తెలవదు వజ్రమ్మా."

"పోనీలే. పిల్ల కత్తి లాక్కుంది."

వజ్రమ్మ తిన్నగా వెళ్లి గేటుకి తాళం వేసి, అడ్డంగా కూర్చుంది. విషయం విని బయటి ఆడవాళ్లూ కూర్చున్నారు. యజమాని ఉద్యోగం పీకేస్తానన్నాడు.

"పీకండి బాబూ. రోజూ ఆ పిల్లని చంపి మమ్మల్ని ఇళ్లకి పంపిస్తన్నారు. ఆ రీలు ఏస్తేనే తాళం తీసేది."

టైము లేదని ఆయన గొణిగాడు. ఆటకు ముందు పావుగంట వేసే ఆయన బావమరిది పొగాకు కొట్టు ప్రకటన స్లైడ్లు ఎత్తేస్తే ఉంటుందని మస్తాన్ నెమ్మదిగా అన్నాడు. ఆయన చేసేదిలేక ఎత్తేశాడు.

ఆ రోజు నేను ఆడాను. చచ్చిన డాక్టరు లేచొస్తే హాలంతా నవ్వింది. పిల్ల కత్తి లాక్కుంటే మొదటి ఈల ఆడవాళ్ల వైపు నుంచి వచ్చింది.

ఇప్పుడా హాలు లేదు. ఒక కాలేజీ సినిమా క్లబ్బు బీరువాలో ఉన్నాను. నీలం వెలిసిపోయింది, ఎరుపు మిగిలింది. అమ్మాయిలు నన్ను చూసి మురుస్తారు, తిడతారు. తిట్టాలి. మొన్న ఒకమ్మాయి తనూ ఒక హత్యల సినిమా తీస్తానంది. ఎక్కడ మొదలుపెడతావని అడిగారు.

కత్తి ఆ పిల్ల చేతిలోకి వచ్చిన దగ్గర్నించి, అంది.