కుండ పక్కన థర్మామీటర్

పొద్దుటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. పందిరి వల కింద టమాటా నారు ట్రేల మధ్య తిరగడం, గేటు దాకా వెళ్లి రోడ్డు చూడటం, మళ్లీ లోపలికి రావడం. ఆడపడుచు నారు కోసం పదకొండింటికల్లా వ్యాను వేసుకుని వస్తానంది.

నారు చూడటానికి కంటికి నదురుగా ఉంది. ఇరవై ఐదు రోజులకు రావలసిన ఎత్తు పద్దెనిమిదికే వచ్చేసింది. ఆమె భయం అదే.

నిన్న మధ్యాహ్నం థర్మామీటర్ తాడు తెగి పడితే, తీసి ట్రేల మధ్య కర్రకు కట్టింది. కాసేపటికి చూస్తే ముప్పై తొమ్మిది డిగ్రీలు. రెండేళ్లుగా అది మంచినీళ్ల కుండ పక్కన, తడి గోనె చల్లదనంలో వేలాడింది. నీళ్లు తాగినప్పుడల్లా చూసుకోవచ్చని అక్కడ కట్టింది తనే. అక్కడ ఏనాడూ ముప్పై ఒకటి దాటలేదు. ముప్పై ఐదు దాటితే రెండో వల కప్పాలని తెలిసి కూడా, ఆ వల మడత విప్పింది లేదు.

పోయిన వేసవిలో ఇలాగే వేడికి సాగిన నారునే ఆడపడుచు మురిసిపోయి పట్టుకెళ్లింది. మొదటి గుత్తుల పూతంతా రాలిపోయింది. నిలిచిన నాలుగు కాయలూ గోళీలంతే అయ్యాయి. వేళకు నీళ్లు పెట్టలేదని ఆవిడ మొగుడితో నెల రోజులు మాట్లాడలేదు. ఆయన ఆ మాట ఇప్పటికీ పడుతూనే ఉన్నాడు.

ఈసారికి ఇచ్చి పంపెయ్యమనీ, పాతవి తవ్వొద్దనీ చెప్పి భర్త పనికి వెళ్లిపోయాడు.

వ్యాను వచ్చింది. ఆడపడుచు దిగుతూనే ట్రే మీద చెయ్యి వేసి, "ఏమే, మా తమ్ముడి కంటే ఏపుగా పెంచావే దీన్ని" అని నవ్వింది.

"ఇది పట్టుకెళ్లొద్దు వదినా. వేడికి సాగింది. పోయినేడు నీకిచ్చిందీ ఇలాంటిదే. తప్పు అన్నయ్యగారిది కాదు, నాది."

థర్మామీటర్ సంగతంతా చెప్పింది. ఆడపడుచు ఒక మొక్క పీకి వేలి మీద పెట్టుకుంది. అది దారప్పోగులా వేలికి రెండు పక్కలా వాలిపోయింది.

"అయితే ఆయన నీళ్లు సరిగానే పెట్టాడన్నమాట" అంది. "ఇన్నాళ్లూ తిట్టిన నోటితో ఈ మాట నేను చెప్పలేను. నువ్వే వచ్చి చెప్పు. ఎక్కు."

ఆమె ముందు రెండో వల కప్పి, కొత్త విత్తనం నానేసి, అప్పుడు వ్యాను ఎక్కింది. వెనక, నారు కోసం వదిన తెచ్చిన ఖాళీ ట్రేలు దడదడలాడుతున్నాయి. అన్నయ్యగారి దగ్గర మొదటి మాట ఏమనాలో దారి పొడుగునా కూర్చుకుంటూనే ఉంది. ఏదీ కుదరలేదు.