అద్దె సిపాయిలు

తుపాకీ తాతను మంచం మీంచి ఈడ్చుకొచ్చి వానలో పడేశారు. యుద్ధంలో ఫిరంగులు పేల్చిన చేతులు చలికి కొయ్యబారిపోయాయి. తెల్లారేసరికి మాజీ సైనికుల ఆశ్రమం గేటు ముందే ప్రాణం పోయింది.

"ఎందుకు గెంటావురా?" ఆశ్రమం నడిపే కాంట్రాక్టర్ కాలరు పట్టుకుంది నర్సక్క. సైనిక ఆసుపత్రిలో ఎందరి గాయాలో కుట్టిన ఆమె, ఇప్పుడు బస్టాపులో పడుకుంటోంది.

"మంచాలు ఖాళీ లేవమ్మా." పురుగును దులిపినట్టు ఆమె చేతిని దులిపేశాడు.

ఖాళీ లేనిమాట నిజమే. ఇవాళ తనిఖీకి పెద్ద అధికారి వస్తున్నాడు. అసలు సిపాయిలు ఆయన ముందు నోరు విప్పితే కాంట్రాక్టు గంగపాలే. అందుకే అందర్నీ గెంటేసి, అడ్డా మీది కూలీలను తన లారీలో తెచ్చి, పాత యూనిఫాం చొక్కాలు తొడిగి పడుకోబెట్టాడు.

"తగలబెట్టేద్దాం అక్కా, వాడితో సహా!" అన్నాడు ఒకప్పుడు సైన్యంలో లారీ నడిపిన డ్రైవర్.

"లోపలున్నది కూలోళ్ళురా తమ్ముడూ."

"మన మంచాలెక్కి దొర్లుతున్నారు గదా!"

"వాళ్ళ పొట్ట వాళ్ళది. కాంట్రాక్టర్ సంగతంటావా, చస్తే వాడికి సుఖం. బతికుండి ఏడవాలి. మీరంతా కిటికీల కింద కూర్చోండి."

అధికారి వచ్చాడు. "మా సిపాయిలు రాజాల్లా ఉన్నారండీ," అంటూ కాంట్రాక్టర్ మెలికలు తిరిగాడు. ఊడ్చే మనిషిలా చీపురు పట్టుకుని దూరిన నర్సక్క, హాలు మధ్యలో నిలబడి గొంతు చించుకుని అరిచింది.

"అటెన్షన్!"

మంచాల మీదివాళ్ళు బిక్కమొహాలేశారు. ఒకడు ముసుగుతన్నాడు. ఇంకొకడు, "నన్నేనా అక్కా?" అన్నాడు.

కిటికీల అవతల మడమలు టక్కుమన్నాయి. బుర్ర ఆలోచించేలోపే కాళ్ళు లేచి నిలబడ్డాయి. ఒంటికాలి మనిషి కూడా పక్కవాడి భుజం పట్టుకుని నిటారుగా లేచాడు.

"సిపాయిలెవరో చూసుకోండి సారూ!"

అధికారి గొంతు సవరించుకున్నాడు. "విచారణ జరిపిస్తాం."

"జరిపిద్దురుగాని. ముందు గేటు దగ్గర వీడు గోనెపట్టాల కింద దాచిన తాత శవాన్ని దాటుకుని వెళ్ళండి!"

ముసుగులోని కూలీ దిగ్గున లేచాడు. "శవమా? మనిషిని చంపి, ఆ మంచం మీద నన్ను పడుకోబెట్టావా?" చొక్కా విప్పి కాంట్రాక్టర్ మొహాన కొట్టాడు. "పనంటే వచ్చాం గానీ, ఇదేం పాపిష్టి పనిరా!"

ఇంకేముంది, లోపలివాళ్ళూ బయటివాళ్ళూ ఒక్కటయ్యారు. కాంట్రాక్టర్ని బురదలోకి లాక్కొచ్చి తాత శవాన్ని వాడి భుజానికెత్తారు. "మొయ్యరా!" శ్మశానం దాకా నడిబజార్లో నడిపించారు. భుజం మార్చుకోనివ్వలేదు. తూలినప్పుడల్లా వెనకనుంచి ఒంటికాలి మనిషి కర్రతో పొడిచాడు.

గొయ్యి పూడ్చాకే నర్సక్క, వెంటపడి వచ్చిన పోలీసులకు బేడీల కోసం చేతులు చాపింది.

"వాడికి క్షమాపణ చెప్పు, వదిలేస్తా," అన్నాడు ఎస్సై.

"వాణ్ణే ఆ భుజానికి కాపడం పెట్టించుకోమనండి సారూ. వాడి ఆశ్రమాలు ఇంకా రెండున్నాయి."

ఎస్సై తల తిప్పేసరికి, ఆశ్రమం నుంచి వెంట తెచ్చిన కాంట్రాక్టర్ లారీ నిండా సిపాయిలూ కూలీలూ ఎక్కేశారు. డ్రైవర్ అప్పటికే గేరు మార్చాడు.