మేకుకు వేలాడే దారం

అద్దం మధ్యలో మరక పోలేదు. రబ్బరు బుడ్డితో రెండుసార్లు గాలి కొట్టాడు. మెత్తని కుంచెతో అంచుల్లోని దుమ్ము దులిపాడు. ఆ తర్వాతే గుడ్డ తీసి, నాలుగు మడతలు పెట్టి, చూపుడువేలికి చుట్టి, మధ్యనుంచి అంచుదాకా సున్నాలు చుడుతూ తుడిచాడు. తుపాకీ మీద బిగించే ఆ స్కోపును మళ్ళీ కంటికి ఆనించుకున్నాడు. మరక అక్కడే ఉంది. మినపగింజంత, పల్చటి పొగలాగా. పొద్దుటినుంచి ఇది మూడో స్కోపు. మూడింటికీ అదే జబ్బు.

"అద్దం అరిగిపోతుందేమోయ్ దారం, ఇక వదిలెయ్," అన్నాడు కౌంటరు వెనక కూర్చున్న యజమాని బావమరిది.

"అద్దం మీద వేళ్ళు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి చిన్నసారూ? అంతా జిడ్డు."

"నా వేళ్ళకి జిడ్డు, నీ నోటికి తుప్పు."

తుపాకుల షాపులో స్కోపులు బిగించే ఈ మనిషికి దారం అన్న పేరు ఊరికే రాలేదు. అతని బల్లకి ఎదురుగా పదిహేను అడుగుల దూరంలో, సున్నం కొట్టిన గోడకి ఒక మేకు. ఆ మేకుకు నల్ల దారం, దాని చివర ఇత్తడి గుండు. ఏ రైఫిల్ మీద ఏ స్కోపు బిగించినా, లోపలి నిలువుగీత ఆ దారం మీద పడుకోవాలి. పడుకోకపోతే తూటా దూరం వెళ్ళేకొద్దీ పక్కకి జరుగుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ పనే చేస్తున్నా అతను ఒక్క పిట్టను కూడా కొట్టలేదు. ఆ గొట్టాల్లోంచి అతను చూసిందల్లా ఒక దారాన్ని. ఎవరింటికి వెళ్ళినా గోడమీది పటాలు సరిచేసేవాడు. అందుకని చుట్టాలు పిలవడం మానేశారు. అతనికీ అదే హాయి అనిపించింది.

పదిన్నరకి తలుపు ధడాల్న తెరుచుకుంది. వచ్చినవాడు పొలాల మీద పడే అడవి పందులను కొట్టడానికి లైసెన్సు ఉన్న వేటగాడు. కుడి కనుబొమ్మ మీద నెలవంకలా గాయం, దానికి నాలుగు కుట్లు. రైఫిల్ సంచిని కౌంటరు మీద పడేశాడు.

"ఎవడు బిగించాడు దీన్ని? కాల్చగానే స్కోపు వెనక్కొచ్చి మొహాన కొట్టింది. కాస్తయితే కన్ను పోయేది!"

బావమరిది గడ్డంతో బల్ల వైపు చూపించాడు. లోపలి గదిలోంచి యజమాని బయటికి వచ్చాడు. గడ్డంతో చూపిస్తున్న బావమరిదినీ, కుట్లనూ, బల్లనూ వరసగా చూశాడు.

"సాయంత్రంలోగా తేల్చు. తప్పు నీదైతే రేపటినుంచి ఆ బల్ల దగ్గరికి రావద్దు," అన్నాడు.

ఆ బల్లను బావమరిదికి ఇద్దామని యజమాని మూడు నెలలుగా అనుకుంటున్నాడు. దారం బదులు గోడమీద ఎర్రటి వెలుగుగీత గీసే కొత్త యంత్రం కూడా కొన్నాడు. అది డబ్బాలోంచి ఇంకా బయటికి రాలేదు.

దారం రైఫిల్ సంచి విప్పాడు. లోపల తూటా లేదని చూసుకుని, గొట్టం వెనకుండే బోల్టు తీసి పక్కన పెట్టాడు. స్కోపును చూడగానే పెదవులు బిగుసుకున్నాయి. ఇది అతను వద్దన్న స్కోపు. నాలుగునుంచి పదహారు రెట్లు పెంచి చూపించేది. పోయిన వారం వేటగాడు కొంటున్నప్పుడే దారం చెప్పాడు: "నీకు పందులు కనపడేది వంద గజాల్లోపే. మూడునుంచి తొమ్మిది చాలు. పదహారులో పెట్టి చూస్తే పంది చెవి కనపడుద్ది, పంది కనపడదు." బావమరిది నవ్వి, పెద్దదే అంటగట్టాడు. సరేనని దారం వేటగాడిని పొట్టి స్టూలు మీద కూర్చోబెట్టి, మోచేయి మోకాలికి ఆనించమని, మంచె మీద ఎలా కూర్చుంటాడో అలాగే కూర్చోబెట్టి, పదహారులో పెట్టి కంటికీ స్కోపుకీ మధ్య దూరం సరిచూసి బిగించాడు. ప్రతి మరమేకుకీ, స్కోపును పట్టి ఉంచే రింగుకీ మీదుగా తెల్లరంగుతో సన్నటి గీత గీశాడు. తర్వాత ఎవరైనా మర కదిపితే ఆ గీత తెగిపోతుంది.

ఇప్పుడు ఆరు గీతలూ తెగి ఉన్నాయి.

"తీసుకెళ్ళేటప్పుడు ఎవరు ముట్టుకున్నారు దీన్ని?" అని వేటగాడిని అడిగాడు.

"నువ్వు రాలేదు ఆ రోజు. నిలబడి చూస్తే చుట్టూ నల్లగా ఉందన్నాను. ఈయనే వదులుచేసి కాస్త వెనక్కి లాగాడు."

"నిలబడి." దారం ఆ మాటను పళ్ళ మధ్య నమిలాడు. "నిలబడితే తల వెనక్కుంటుంది. కూర్చుంటే ముందుకొస్తుంది. వేలెడు వెనక్కి లాగాడు నీ కంటిమీదికి. ఇదిగో చూడు, రింగు పాతచోటు గుర్తు. మరల తలలు చూడు, ఎద్దుబలంతో తిప్పితే గుండ్రంగా అరిగిపోయాయి. నా స్క్రూడ్రైవర్ అయితే బిగువు చాలనగానే టక్కుమని ఆగుద్ది. ఈ సారు చెయ్యి ఆగదు."

వేటగాడు బావమరిది వైపు తిరిగాడు. తర్వాత ఐదు నిమిషాలు అతను తిట్టిన తిట్లు వీధిదాకా వినిపించాయి. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. యజమాని గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. సాయంత్రం అయిదుకి వస్తానని చెప్పి వేటగాడు వెళ్ళిపోయాడు. దారానికి క్షమాపణ ఎవరూ చెప్పలేదు. అతనూ ఎదురుచూడలేదు.

మధ్యాహ్నం బల్ల దగ్గరే డబ్బా విప్పి అన్నం తిన్నాడు. చాలారోజుల తర్వాత రుచిగా అనిపించింది. పొద్దున భార్య కసిరిన మాట కూడా గుర్తొచ్చి చిన్నగా నవ్వాడు. "కళ్ళు ఎక్కడ పెట్టుకున్నారు? టీలో చీమ తేలుతుంటే తాగేశారు! ఆ బల్ల దగ్గర మాత్రం వెంట్రుకని నిలువునా చీలుస్తారు."

తిన్నాక కొత్త మరలు తెచ్చి స్కోపును మళ్ళీ ఎక్కించాడు. నిలువుగీత దారం మీద పడుకుంది. మధ్యలో మాత్రం మళ్ళీ ఆ పొగమరక. తిట్టుకుంటూ కుడికన్ను మణికట్టుతో నలుపుకున్నాడు. అలా నలుపుకుంటూ, ఊరికే, ఎడమకన్ను ఆనించాడు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కంటికి పని చెప్పలేదు.

మరక లేదు. అద్దం కడిగినట్టుంది. నిలువుగీత పైన దారాన్ని అంటుకునే ఉంది. కిందికి వచ్చేసరికి రెంటికీ మధ్య బియ్యపుగింజంత సందు.

కుడికన్ను పెట్టాడు. సందు లేదు. ఆ సందు ఉండాల్సిన చోట పొగ ఉంది.

తర్వాత లేచి, ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న మూడు రైఫిళ్ళను ఒక్కొక్కటే బల్లమీద పెట్టి ఎడమకంటితో చూశాడు. మూడూ ఒకవైపుకే ఒరిగి ఉన్నాయి. అద్దాల కంపెనీని, బావమరిది వేళ్ళను ఎంతకాలం నుంచి తిడుతున్నాడో లెక్కపెట్టుకున్నాడు. మూడు నెలలు.

ఎవరికీ తెలియదు. గురి తప్పితే వేటగాళ్ళు గాలిని తిడతారు, పందిని తిడతారు, ఇంటికెళ్ళి పెళ్ళాన్ని తిడతారు. స్కోపును తిట్టరు. ఎడమకంటితో ఇంకో పదేళ్ళు నెట్టుకురావచ్చు. పొద్దున గెలిచిన బల్ల అతనిదే.

మెడను అలవాటులేని వైపుకి వంచుకుని, నాలుగింటినీ వదులుచేసి మళ్ళీ బిగించాడు. రెండింతల సేపు పట్టింది. మరలమీద తెల్లగీతలు మళ్ళీ గీశాడు.

అయిదుకి వేటగాడు వచ్చి, స్టూలుమీద కూర్చుని రైఫిల్ భుజానికి ఆనించి చూశాడు. సరిగ్గానే ఉన్నట్టు మూలిగాడు.

"ఈసారి కొట్టిందంటే నీ కన్ను పగలగొడతా," అని చెప్పి వెళ్ళిపోయాడు.

దారం రిజిస్టరు చూసి ఒక కాగితం మీద పేర్లు రాసుకుని, యజమాని గది తలుపు తట్టాడు.

"ఈ మూడు నెలల్లో నేను బిగించినవి పదకొండు బయటికెళ్ళాయి. వెనక్కి పిలిపించండి సార్. అన్నీ వంకరే."

"ఎవరి పని?"

"నాదే. కుడికన్ను చెడింది."

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. "పొద్దున ఆ మనిషి ముందు మావాడి పరువు తీశావ్. ఇప్పుడొచ్చి ఈ మాట చెప్పడానికి నోరెలా వచ్చింది నీకు?"

"అదీ నిజమే, ఇదీ నిజమే."

"నువ్వు చెప్పకపోతే ఎవడికి తెలుస్తుంది? పదకొండు మందిని పిలిచి మా బిగింపు వంకరని చెప్తే రేపు షాపుకి ఎవడొస్తాడు? నోరు మూసుకుని పని చూసుకో."

"మీరు పిలవకపోతే నేనే ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

"వెళ్తే మళ్ళీ ఈ గుమ్మం తొక్కొద్దు."

"తొక్కను."

బయటికి వచ్చి ఏప్రాన్ విప్పి మడతపెట్టాడు. డ్రైవర్‌ను పెట్టెలో పెట్టాడు. కుంచె, గుడ్డ, రబ్బరు బుడ్డి వరసగా సర్దాడు. కాగితాన్ని జేబులో, అన్నం డబ్బాను చంకలో పెట్టుకున్నాడు. తలుపు సందులోంచి అంతా విన్న బావమరిది చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

"ఏయ్, నీ దారం మర్చిపోయావ్!"

"ఉండనీ. ఈ షాపులో తిన్నగా ఉన్నది అదొక్కటే."

మెట్లు దిగేటప్పుడు ఆఖరి మెట్టును కాలితో ఒకసారి తడుముకుని మరీ దిగాడు. అది బావమరిది చూడలేదు. అతను అప్పటికే కొత్త యంత్రం డబ్బాను బల్లమీద పెట్టి, టోపీ తీసి గోడమేకుకు తగిలించాడు. టోపీ అంచు తగిలి నల్ల దారం అటూ ఇటూ ఊగింది. దాని చివరి ఇత్తడి గుండు ఒకసారి గోడకు తగిలి, సున్నం మీద చిన్న గీత గీసి, మెల్లగా నిలబడింది.