కడుపునొప్పి భరించలేక

"చెల్లె, ఆరు లైన్లు కొట్టిపెట్టు, డెస్కుకు పంపాలె" అంటాడు మా అన్న మధుకర్, సాయంత్రం బండికి స్టాండు వేస్తూ. అన్న కోరుట్లలో ఒక పేపరుకు విలేకరి. తిరిగేది అన్న, రాసేది నేను. అప్పటికి నేను కాలేజీ నుంచి వచ్చి, బట్టలు ఉతికి, బియ్యం కడుగుతూ ఉంటాను. తడిచేతులు చున్నీకి తుడుచుకుని ఫోను అందుకుంటాను. నాకూ రికార్డు రాసుకునేది ఉందంటే అమ్మ ఒప్పుకోదు. "వాడు ఎండలవడి తిరిగొస్తడు. నువ్వు కూసుండి ఒత్తుడే గదా" అంటుంది.

ఆ పనంటే నాకు ఇష్టం లేదని కాదు. మర్నాడు అచ్చయిన పేజీని కాలేజీకి తీసుకెళ్లి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల దగ్గర నా వ్యాఖ్యానంతో చదివి వినిపించేదాన్ని. దవాఖానలో పండ్ల పంపిణీ ఫొటోలో అరటిపండు ఒకటి, దాన్ని పట్టుకున్న చేతులు పదకొండు, రోగి ముఖం మాత్రం కనబడదు. మా వాడకట్టు కల్వర్టుకు మూడుసార్లు కొబ్బరికాయ కొట్టారు కానీ, మేమింకా మోరీ దూకే ఇంట్లోకి వెళ్తాం. పసుపు రైతుల ధర్నాలో ముందు వరుసంతా ఇస్త్రీ చొక్కాలే. ఇక ఆడవాళ్లు ముగ్గుల పోటీలో గెలిస్తే కనబడతారు, లేదా చనిపోతే. ఆత్మహత్యయితే కారణం ఒక్కటే. కడుపునొప్పి భరించలేక.

అది విని అందరికంటే గట్టిగా నవ్వేది శ్రీలత. రుద్రంగి నుంచి బస్సులో వచ్చేది. "అందరికి కడుపేనా వనితా? ఒక్కదానికన్న మనసు నొయ్యదా?" అని ఒకసారి అడిగి, తనే పొట్ట పట్టుకుని నవ్వింది. డిగ్రీ రెండో ఏడు పరీక్షల ముందే ఆమెకు పెళ్లి చేశారు. ఇబ్రహీంపట్నం అవతల ఏదో ఊరికి ఇచ్చారని విన్నాను. ఏ ఊరో అడగలేదు. మొదట్లో ఫోన్ చేసేది, తర్వాత మానేసింది. సంసారంలో పడి మరిచిపోయిందిలే అనుకున్నాను.

మొన్న మార్చిలో ఒక సాయంత్రం అన్న వివరాలు చదువుతుంటే నేను కొడుతున్నాను. ఇబ్రహీంపట్నం మండలం. ఆత్మహత్య. పేరు శ్రీలత, ఇరవై ఏళ్లు. ఇంటిపేరు అత్తగారిది, నేనెప్పుడూ విననిది. మా కాలేజీలోనే నలుగురు శ్రీలతలు ఉండేవాళ్లు. 'క' కొట్టగానే 'కడుపునొప్పి' అని ఫోనే చూపించింది. దాన్ని ముట్టుకుంటే 'భరించలేక' అంది. నా వేళ్లు ఎంతగా అలవాటు చేశాయో దానికి. "ఈ ఆడోళ్లందరికి వాము నీళ్లు పంచితే సగం చావులు ఆగుతయన్నా" అన్నాను. అన్న నవ్వాడు. నేనూ నవ్వాను.

మర్నాడు పొద్దున పేపర్లో ఫొటో చూశాను. మా శ్రీలతే. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించినట్టున్నారు, ఆమె భుజం మీద ఎవరివో నాలుగు వేళ్లు మిగిలిపోయాయి. కింద నా ఆరు లైన్లు.

ఆ తర్వాత కాలేజీలో శ్రీలత కూర్చునే వెనక బెంచీ వైపు చూడలేకపోయాను. అక్కడినుంచి ఆ నవ్వు వినబడేది. అంట్లు తోముతుంటే నీళ్ల చప్పుడులో వినబడేది. అన్న చెప్పిన వార్త ఏదైనా 'క' దగ్గరికి రాగానే నా వేలు ఆగిపోయేది. వారం రోజులు తలనొప్పని అబద్ధం చెప్పి ఫోను ముట్టుకోలేదు. ఎనిమిదో రోజు కాలేజీకని బయల్దేరి రుద్రంగి బస్సెక్కాను.

శ్రీలత తల్లి లస్మవ్వ గడప దగ్గర కూర్చుని ఉంది. ఆమెకు చదువు రాదు. శ్రీలతతో చదువుకున్నానని చెప్పగానే రైక లోపలి నుంచి పేపరు ముక్క తీసింది. "ఒక్కొక్కలు ఒక్క తీరు చెప్తున్నరు. నువ్వన్న మంచిగ సదువు బిడ్డా" అంది.

చదివాను. నేను రాసిందే, ఒక్కో అక్షరం.

కడుపునొప్పి ఎప్పుడు మొదలైందట అని అడిగింది. రాయలేదన్నాను. ఏ దవాఖానకు తీసుకెళ్లారట అని అడిగింది. అదీ రాయలేదన్నాను.

"తల్లినైతి. నన్నొక్క మాట అడుగలేదేంది రాసినోళ్లు?"

"నేనే రాసిన పెద్దమ్మా" అన్నాను.

ఆమె తిట్టలేదు. చాలాసేపు నా చేతుల వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. చనిపోవడానికి పది రోజుల ముందు శ్రీలత ఇంటికి వచ్చిందట. ఆగిపోయిన పరీక్షలు రాస్తానని ఫీజు కడితే, మొగుడు హాల్‌టికెట్‌ను పొయ్యిలో పెట్టాడట. ఫోను ఎప్పుడో గుంజుకున్నాడట. ఎందుకని అడిగితే అత్తమామల ముందే కొట్టాడట. మళ్లీ పోనని ఏడ్చిందట.

"నేనే బస్సెక్కించిన. నాలుగు దినాలైతే సర్దుకుంటదన్న. నేను బస్సెక్కించిన, నువ్వు రాసినవ్."

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడు ఇద్దరం ఠాణాకు వెళ్లాం. ఆమె చెబుతుంటే అక్కడి అరుగు మీదే దరఖాస్తు రాశాను. ఒక్కో వాక్యం చదివి వినిపించాను. 'వేధించాడు' అని రాస్తే, అట్ల కాదు, 'బెల్టుతోని కొట్టిండు' అని రాయమంది. కొట్టేసి అట్లాగే రాశాను. లోపల కానిస్టేబుల్ కాగితం చూసి, "కడుపునొప్పని పేపర్ల గూడ అచ్చింది గదమ్మా" అన్నాడు.

"గది నేను రాసిన సార్. ఎవ్వలను అడుగకుంట రాసిన" అన్నాను.

దరఖాస్తు తీసుకున్నారు. విచారణ మొదలైంది. మొగుణ్ని పట్టుకెళ్లారు, బెయిలు మీద వచ్చాడు. కేసు నడుస్తోంది, ఏమవుతుందో తెలియదు. లస్మవ్వ ప్రతి వాయిదాకూ వెళ్తోంది, వీలైనప్పుడు నేనూ వెళ్తున్నాను. పేపర్లో సవరణ రాలేదు. తన పరువు తీశానని అన్న రెండు నెలలు నాతో మాట్లాడలేదు. ఆడపిల్లకు ఠాణా ఎందుకని అమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.

నిన్న సాయంత్రం అన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చిన్న వార్త ఒకటి ఉందన్నాడు. ఒక ఆడమనిషి, ముప్పై ఏళ్లు, ఇంటివాళ్లు కడుపునొప్పి అని చెప్పారట. తనకు టైపింగ్ చేతకావడం లేదని ఫోను నా ముందు పెట్టాడు.

నేను దాన్ని ముట్టుకోలేదు.

"ఆమె తల్లిగారిది ఏ ఊరన్నా?"

తెలియదన్నాడు.

"కనుక్కో. గంతల నేను చెప్పులు తొడుక్కుంట."