ఉత్తరాన తేలు

ఆరేళ్లు అడగ్గా అడగ్గా భూపేష్ అన్న నా పేరు ఒక ఫోటో కింద వేశాడు. ఒకే ఒక్క ఫోటో. అదీ వేయకపోయినా బాగుండేది.

బద్వేలులో అన్నకు ఫోటో స్టూడియో ఉంది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చునే జెస్సీని నేను. పెళ్లికూతుళ్ల మొటిమలు తీసేది, మామగార్ల బట్టతల మెరుపు తగ్గించేది నేనే. అది పొట్టకూటి పని. నా పిచ్చంతా చుక్కల మీదే. అమావాస్యకు అన్న గండికోట పోయి ఆకాశాన్ని తీసుకొస్తాడు, నేను దాన్ని బాగుచేస్తాను. బాగుచేయడమంటే చాలామందికి వెలుగు పెంచడమే. చీకట్లో తీసిన ఫోటో నిండా నలుసులుంటాయి. వాటిని ఒక్క దెబ్బకు తుడిచేస్తే చిన్న చుక్కలూ కొట్టుకుపోతాయి. అందుకని నేను ముక్క ముక్కా చూసుకుంటూ తుడుస్తాను. ఎర్రటి చుక్కను ఎర్రగానే వదులుతాను. కొండ అంచున దుమ్ములో మసకబారినదాన్ని మసకగానే ఉంచుతాను. ఇదంతా నాకు నేర్పింది భూపేష్ అన్నే. నా కడుపుమంటా అదే.

మొన్న ఏప్రిల్లో తీసిన ఫోటోలో కంబన్న ఉన్నాడు. గండికోట దగ్గర పల్లెలో గొర్రెలు మేపే పెద్దాయన. భుజాన కంబళి వేసుకుని, లోయ అంచున, పెన్న అవతలికి, అంటే ఉత్తరానికి ముఖం పెట్టి, ఇరవై సెకన్లు కదలకుండా నిలబడ్డాడు. ఆయన తల మీద సప్తర్షులు. అంతే ఫోటో. దాని మీద పద్దెనిమిది మధ్యాహ్నాలు కూర్చున్నాను. అయిపోయాక అన్న చూసి, "శానా బాగుండాది మా. కడప పోటీకి పంపిస్తా. ఈ తూరి కింద నీ పేరు కూడా ఏస్తా" అన్నాడు. ఇంటికి పోయి ఆ మాట అమ్మకు నాలుగుసార్లు చెప్పాను.

మొదటి బహుమతి వచ్చింది. కడపలో ఫోటోలు పెట్టిన హాలుకు కంబన్నను కూడా పిలిచారు. ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నేను చేసిన తెలివితక్కువ పని ఏమిటంటే, ఫోటో కన్నా ముందు దాని కింద అట్ట చూశాను. "ఫోటో: భూపేష్. ఎడిటింగ్: జెస్సీ." ఆ అట్టనే ఫోన్లో తీసి అమ్మకు పంపుతున్నాను.

"పాపా, ఇది యాడిది?" అన్నాడు పక్కన నిలబడ్డ కంబన్న.

"గండికోటే కదా పెద్దాయనా. ఆ నిలబడింది నువ్వే."

"మనిషిని నేనే. పైనుండే ఆకాశం మాది కాదు. ఏడు చుక్కలు ఉండాల్సిన చోట తేలుండాది. తేలు దక్షిణాన పోతాది గానీ పెన్న అవతలికి యాడ వస్తాది?"

అప్పుడు తలెత్తాను. సప్తర్షులు లేరు. వాళ్ల చోట తేలు ఆకారంలో వృశ్చికం, దాని వెనక ఊదారంగు పాలపుంత, పెళ్లి స్టేజీ లైట్లలాగా. ఎక్కడిదో ఆకాశం తెచ్చి కంబన్న నెత్తిన అతికించారు. పాలపుంత లేనిదే బహుమతులు రావని అన్న ఎన్నోసార్లు గొణిగాడు. నేను చర్చికి పోయిన ఏ ఆదివారమో నా కంప్యూటర్ ముందే కూర్చుని ఆ పని చేసి ఉంటాడు.

కంబన్నది పెద్ద గొంతు. కర్నూలు నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన స్వర్ణలత గారికి వినపడింది. ఆమె దగ్గరికొచ్చి కాసేపు చూసింది. "ఈయన చెప్పేది నిజమే. ఈ ఆకాశం ఎవరు పెట్టినారు?" అని అడిగింది.

భూపేష్ అన్న నా వైపు చూడలేదు.

"నేను షట్టర్ నొక్కినంత వరకే మేడమ్. ఎడిటింగ్ అంతా మా జెస్సీదే, కింద ఏసినాం కదా. చిన్నపిల్ల, అందంగా ఉంటాదని పెట్టినట్టుండాది. ఈ తూరికి మన్నించండి."

ఎంత నెమ్మదిగా అన్నాడో. కొంచెం జాలి కూడా కలిపాడు. దొరికిపోతే ముందుకు తోయడానికి ఒక మనిషి కావాలి కదా, ఆ మనిషిని ముందే అట్ట మీద అచ్చు వేయించి పెట్టుకున్నాడు. దాన్ని చూసుకుని మురిసిపోయాను నేను.

"నేను పెట్టలేదు. అసలు ఫోటో తెచ్చి చూపిస్తా" అన్నాను.

"అసలుది చూపిస్తే ఏమొస్తాది మా? మార్చింది ఎవరో అందులో ఉండదు కదా" అన్నాడు అన్న, నాకు పాఠం చెప్పే గొంతుతోనే.

కంబన్న నా ముఖంలోకి చూసి, "నువ్వు పెట్టినావా పాపా?" అని అడిగాడు. తిట్టినా ఓర్చుకునేదాన్ని. ఆయన అలా అడిగేసరికి ఏడుపు ఆగలేదు. ఏడిస్తే తప్పు ఒప్పుకున్నట్టేనని తెలిసి కూడా ఏడ్చాను.

బహుమతి వెనక్కి తీసుకున్నారు. అన్నను ఎవరూ ఏమీ అనలేదు. పాపం, పిల్లను నమ్మి మోసపోయాడన్నారు. మర్నాటి నుంచి నేను స్టూడియోకి పోలేదు.

వారం తర్వాత ఒక ఫోన్ వచ్చింది. ప్రొద్దుటూరులో పెళ్లి ఫోటోలు తీసే నారాయణ అట.

"జెస్సీ మేడమేనా? మా దగ్గర ఒక జంట ఫోటో ఉండాది. ఎనక చుక్కలు కావాల. భూపేష్ అన్న ఫోటోకు పెట్టినారే, అట్ల."

"నేను చుక్కలు పెట్టనన్నా."

"అట్లంటే ఎట్ల మేడమ్? లేని చుక్కల్ని ఉన్నట్టే పెట్టాలంటే ఈ జిల్లాలో జెస్సీ ఒక్కతే అని అన్నే చెప్పినాడు."

నా పని గురించి విని, నన్ను వెతుక్కుంటూ ఫోన్ చేసిన మొదటి మనిషి అతను.