గీత ఉన్నది కోయడానికే

నేను ఒక అడకత్తెరను. పిడులు ఇత్తడివి, పలక ఉక్కుది. పిడుల చివర రెండు చిలక తలలు చెక్కారు గాని, ఒక చిలకకి ముక్కు ఎప్పుడో అరిగిపోయింది. నా పేరు వినగానే మీకు ఒక మాట నోటిదాకా వచ్చి ఉంటుంది. దయచేసి అనకండి. విని విని విసుగెత్తింది. పైగా ఆ మాటలో జాలంతా నా నోట్లో పడ్డదాని మీదే గాని, జన్మంతా నోరు తెరవడం మూయడం తప్ప వేరే పని లేని నా మీద ఎవరికీ లేదు.

నన్ను చేసినవాడు పెద్దాపురంలో ఒక కంసాలి. పలకని నిప్పుల్లో కాల్చి, నూనెలో ముంచి, సానబట్టి, పదును చూడడానికి తన బొటనవేలి మీదే గీసుకున్నాడు. చుక్క రక్తం వచ్చాక గాని తృప్తి పడలేదు. అలా పుట్టిన రోజునే మనిషి రుచి తెలిసింది నాకు. తరవాత పేరమ్మగారింట్లో చాలా ఏళ్ళు మర్యాదగా బతికాను. ఆవిడ వక్కని రేకుల్లా తీసేది. ఇంటికొచ్చిన ఎవరినీ తాంబూలం ఇవ్వకుండా పంపేది కాదు. మనవరాలు భ్రమరాంబని అత్తవారింటికి పంపేటప్పుడు నన్ను చీరల మధ్య పెట్టి, "పుట్టింటిది ఒక్క వస్తువైనా చేతికింద ఉండాలే" అంది.

అత్తవారిల్లు సామర్లకోటలో. భ్రమరాంబ మొగుడు సన్యాసిరావు కాలవల ఆఫీసులో గుమాస్తా. పేరుకి తగ్గట్టు అన్నీ వదిలేసిన మనిషి అనుకునేరు. ఆయన వదిలింది ఏదీ లేదు, పక్కవాళ్ళ చేతే అన్నీ వదిలించాడు. మొదటి రోజున నన్ను చేతిలోకి తీసుకుని, పలక మీద గోరు ఆనించి చూశాడు.

"పదునుంది. పనికొస్తుంది. వక్కలు మాత్రం ఈ ఇంట్లోకి రావు. అది నోటికి పట్టిన దరిద్రం" అన్నాడు.

ఆ తరవాత నేను వక్క మొహం చూడలేదు. ఒంటిసబ్బుని కోశాను. దోమల చక్రాన్ని కోశాను. అగరొత్తిని కోశాను, దేవుడి వాటా సగమైంది. హారతి కర్పూరం బిళ్ళని నాలుగు చేశాను, దేవుడి వాటా పావుకి దిగింది. అగ్గిపుల్లని నిలువునా చీల్చడం నాకు చేతకాదు, దానికి ఆయన బ్లేడు వాడేవాడు. పిల్లలు కలగలేదు వాళ్ళకి. "పోనీలే, అదీ ఒక ఖర్చు తప్పడమే" అన్నాడు ఒకసారి. భ్రమరాంబ ఆ రోజంతా సబ్బు ముక్కతో తోమిన గిన్నెనే మళ్ళీ మళ్ళీ తోముతూ కూచుంది.

వాళ్ళు లేనివాళ్ళేమీ కారు. ఇల్లు సొంతం, జీతం ఉంది, తరవాత పింఛనూ వచ్చింది. దాచింది దేనికంటే "రేపటికి" అనేవాడు. సాయంత్రాలు వీధరుగు మీద కూచుని పొదుపు గురించి పాఠాలు చెప్పేవాడు. పక్కింటి మంగతాయారు చాట పట్టుకుని బియ్యం ఏరుకుంటూ నవ్వుకుంటూ వినేది. ఆయన పాఠానికి పల్లవి ఒకటే.

"బట్టల సబ్బు మధ్యలో గీత ఎందుకుంటుందమ్మా? చాక్లెట్టు మీద గీతలెందుకుంటాయి? కోసుకోమని. తయారుచేసేవాడు చెప్పనే చెప్పాడు, మనకి చూసే కళ్ళుండాలి. గీత ఉన్నది కోయడానికే."

నిజానికి ఆ మాట వల్ల ఎవరికీ నష్టం లేదు, భ్రమరాంబకి రక్తపోటు వచ్చేదాకా.

ప్రభుత్వాసుపత్రి డాక్టరు ఆవిడకి రోజూ పొద్దున్నే ఒక బిళ్ళ వేసుకోమని, ఒక్కరోజు కూడా మానొద్దని చెప్పాడట. ఆసుపత్రిలో ఆ మందు అయిపోయింది, బయట కొనాల్సి వచ్చింది. సన్యాసిరావు ఇంటికొచ్చి అట్టలోంచి ఒక బిళ్ళని నొక్కి, కిటికీ దగ్గర వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన మొహం విప్పారడం నేను చూశాను.

"ఇదిగో, దీనికీ గీత ఉంది."

"డాక్టరుగారు నిండు బిళ్ళ వేసుకోమన్నారండీ" అంది భ్రమరాంబ.

"ఆయన అలాగే అంటాడు. కొనేది ఆయనా? కంపెనీవాడికి తెలీకుండానే గీత పెట్టాడా? సగం వేసుకున్నా లోపలికెళ్ళి కలిసేదేగా."

నన్ను తెమ్మన్నాడు. ఆవిడే తెచ్చి ఇచ్చింది. నేను కోశాను. కొంతమందికి సగం బిళ్ళ రాస్తారనీ, ఆ గీత వాళ్ళ కోసమనీ చెప్పడానికి నాకు నోరుంది గాని మాట లేదు.

బిళ్ళ కోసినప్పుడు కాస్త పొడి రాలుతుంది. దాన్ని కూడా ఆయన పోనివ్వలేదు, ఒక చిన్న మూతలోకి తట్టి ఉంచేవాడు. వారం తిరిగేసరికి ఆ పొడే ఆవిడకి ఆదివారం మందు. ఆవిడ నాలిక మీద అద్దుకుని మొహం చిట్లించేది. తల తిరుగుతోందంటే ఎండ అనేవాడు. కళ్ళు మసకలేస్తున్నాయంటే నీళ్ళమజ్జిగ తాగమనేవాడు. అందులో మజ్జిగ వాసన తప్ప మజ్జిగ ఉండేది కాదు.

ఒకనాటి పొద్దున కుళాయి దగ్గర బిందె ఎత్తబోయి భ్రమరాంబ అలాగే పక్కకి ఒరిగిపోయింది. మూతి వంకర తిరిగింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. ఆసుపత్రిలో మంచం పక్కన కూచున్న సన్యాసిరావుని డాక్టరు అడిగాడట, బిళ్ళలు సరిగా వేస్తున్నారా అని.

"రోజూ నా చేత్తోనే వేస్తానండి" అన్నాడు ఈయన. అబద్ధం కాదు.

భ్రమరాంబ డాక్టరు కేసి చూసి నోరు కదిపింది. "స... స..." అంది. ఎంత తన్నుకున్నా ఆ అక్షరం దాటి మాట రాలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"సరే అంటోందండి, మానకుండా వేసుకుంటానంటోంది" అన్నాడు సన్యాసిరావు. డాక్టరు ఆవిడ భుజం తట్టి, మళ్ళీ అదే బిళ్ళ రాసిచ్చాడు. ఈ ముచ్చటంతా ఆయనే ఇంటికొచ్చి మంగతాయారుకి చెప్పుకుంటూ మురిసిపోయాడు కాబట్టి నాకు తెలిసింది.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి ఆ మాట పూర్తిగా బయటికి వచ్చింది. "సగం." భ్రమరాంబ నాలిక మీద మిగిలిన మాట అదొక్కటే. ఆకలేసినా అదే, దాహమేసినా అదే. సన్యాసిరావుకి అది వినసొంపుగా ఉన్నట్టుంది. "కదలని మనిషికి అంత అన్నం అరుగుతుందా, సగం చాలు, తనే అడుగుతోంది" అని ముద్ద తగ్గించాడు. "పెళ్ళాన్ని అర్ధాంగి అని పెద్దలు ఊరికే అన్నారా" అని గేటు దగ్గర నవ్వాడు కూడా. నాకు ఆయన మీద అసహ్యం పుట్టింది. పలక మీద పడింది ఆయన నాలికైతే బాగుండుననుకున్నాను, దాచుకోను. కాని పడింది మళ్ళీ ఆ బిళ్ళే. అవును, కోత మానలేదు.

తరవాత ఆయనకీ రక్తపోటు వచ్చింది. రేషను దుకాణం వరసలో కూలబడితే ఎవరో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అదే డాక్టరు, అదే బిళ్ళ, మధ్యలో అదే గీత. ఇంటికొచ్చి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని, నా వైపు కన్నెత్తి చూడకుండా, నిండు బిళ్ళ మింగేశాడు. భ్రమరాంబ మంచం మీదనుంచి చూస్తూనే ఉంది.

"నేనుంటేనే నీకు ముద్ద. పోషించే ప్రాణానికీ నీ ప్రాణానికీ పోలికేవిటే" అన్నాడు ఆవిడ అడక్కుండానే.

ఇక ఆయన కళ్ళు. రెండు కళ్ళలోనూ పొర కమ్మింది. డబ్బిచ్చి చేయించుకోవడం ఎందుకని ఉచిత శిబిరం కోసం ఎదురుచూశాడు. ఊళ్ళో శిబిరం పెట్టిన రోజున చీటీ ఇచ్చే చోట ముందుగా టీ డబ్బులు అడిగారని తగువాడి తిరిగొచ్చాడు. మరుసటి ఏటికి మనుషులు నీడల్లా తప్ప కనపడలేదు. ఒకరోజు గీత తడుముకుంటూ బిళ్ళకి బదులు చూపుడువేలు నా నోట్లో పెట్టాడు. నేను కొరికాను. కంసాలి తరవాత మళ్ళీ అదే రుచి. నాకు సంతోషమే వేసింది.

వేలికి గుడ్డ చుట్టుకుని, నన్నూ మందుల అట్టనీ భ్రమరాంబ ఒళ్ళో పడేశాడు. "నువ్వే కొయ్యి. నీది సగం, నాది నిండుది. పొడి పారెయ్యకు."

ఎడమచెయ్యి ఒక్కటే ఉన్న మనిషి. నా కింది పిడిని మోకాలి కింద తొక్కిపెట్టి, బిళ్ళని పెదాలతో అందించి, పై పిడిని అరచేత్తో నొక్కింది. మొదట్లో బిళ్ళ ఎగిరి మంచం కిందికి పోయేది. పాక్కుంటూ వెళ్ళి వెతికి తెచ్చుకునేది. పట్టు దొరికాక కూడా కొన్నాళ్ళపాటు ఆయన చెప్పినట్టే ఆయనకి నిండుదీ తనకి సగమూ తీసింది. అంత మంచితనం నాకు అర్థం కాలేదు, కోపమొచ్చింది.

పోయిన నెలలో ఒక పొద్దున సన్యాసిరావు చెయ్యి చాపాడు. భ్రమరాంబ ఒక నిండు బిళ్ళ తను మింగింది. ఇంకోదాన్ని నా నోట్లో పెట్టి నొక్కింది. ఒక ముక్క ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన బొటనవేలితో తడిమాడు, ఆగాడు, మళ్ళీ తడిమాడు.

"ఇదేవిటే, ఇంతే ఉందేవిటి?"

"సగం" అంది భ్రమరాంబ.

"అది నీదే. నాది నిండుది. అట్ట ఇటు ఇయ్యి."

"సగం."

అట్ట ఆవిడ చచ్చుబడిన కుడిచేతి కింద ఉంది. ఆయన మంచమంతా తడిమాడు, దిండ్లు విసిరాడు, తిట్టాడు. ఆ చేతిని కదిలించి చూడాలని ఆయనకి తోచలేదు. చివరికి గోడ పట్టుకుని గేటు దాకా వెళ్ళి పక్కింటివాళ్ళని కేకేశాడు.

"మంగతాయారూ, మీ వదినగారు నా బిళ్ళ కోసేస్తోందమ్మా. సగమే ఇస్తోంది నాకు."

అవతల చాటలో బియ్యం చెరుగుతున్న చప్పుడు ఆగింది. తరవాత మంగతాయారు నవ్వు వినపడింది.

"దానికేముందండీ అన్నయ్యగారూ. గీత ఉంటే కోస్తారు. ఇన్నాళ్ళూ మీరు చెప్పిందేగా."

చాట చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆయన గోడ తడుముకుంటూ లోపలికొచ్చి ఆ సగం మింగాడు.

అప్పటినుంచి అలాగే జరుగుతోంది. ఆవిడకి నిండుది, ఆయనకి సగం, మిగిలిన సగం ఆయనకే మరునాటికి. ఆదివారం నాడు మూతలో పొడి ఆయన నాలిక మీద. ఇంటి ఖర్చు మాత్రం ఏమీ పెరగలేదు. మునుపూ రోజుకి ఒకటిన్నర బిళ్ళే, ఇప్పుడూ ఒకటిన్నరే.

నిన్న పొద్దున ఆయన తల పట్టుకుని, కుర్చీలో కళ్ళు మూసుకుని, అంతా తిరుగుతోందన్నాడు. భ్రమరాంబ కాసేపు ఆయన్నే చూసింది. తరవాత ఎడమచేత్తో నీళ్ళమజ్జిగ గ్లాసు ఆయన ముందుకి జరిపింది. ఆయన తాగుతుండగా నన్ను ఒళ్ళోకి తీసుకుని, పలక మీద తెల్లపొడి కొంగుతో తుడిచి, పేరమ్మగారి ఇల్లు వదిలాక ఎవరూ రాయని కొబ్బరినూనె నా కీలుకి రాసింది.